పరపతి నివేదిక – రైతు సరిచూచుకొనవలసిన లెక్క

అడంగలు, పహాణీలలో పేరు తప్పుపడినచో రైతు ఊరకుండడు. అప్పుల లెక్కను మాత్రము చూచుకొనడు. తొలకరిలో పంటరుణమునకు పోయినపుడు, ఏనాడో తీర్చిన బాకీయే అడ్డుతగలవచ్చును.

బ్యాంకులు తామిచ్చిన అప్పుల వివరములను సిబిల్ మొదలైన నాలుగు పరపతి సమాచార సంస్థలకు పంపుచుండును. ప్రతి సంస్థనుండియు సంవత్సరమునకొకసారి పూర్తి నివేదికను ఉచితముగా పొందవచ్చును. స్కోరు 300 మొదలు 900 వరకు ఉండును, ఎక్కువైనకొలది మేలు.

చూడవలసినవి:

1. పేరు, పుట్టినతేది, పాన్ నంబరు మీవేనా?
2. మీరెరుగని అప్పుగాని, హామీగాని మీపేర ఉన్నదా?
3. తీర్చిన అప్పు ఇంకను బాకీగా ఉన్నదా?
4. ‘క్లోజ్డ్’ అనగా పూర్తిగా తీరినది. ‘సెటిల్డ్’ అనగా బ్యాంకు కొంత వదలుకొని ముగించినది, ఇది మచ్చయే.

తప్పున్నచో రశీదు, బాకీలేదను పత్రము జతపరచి బ్యాంకునకు, ఆ సంస్థకు ఫిర్యాదు చేయవలెను. 30 దినములలో పరిష్కరింపనిచో, అటుపై దినమునకు రూ. 100 చొప్పున పరిహారమీయవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఉత్తరువు చేసినది.

నిజమైన బాకీని ఎవరును తుడిచివేయలేరు. రుసుము పుచ్చుకొని చెరిపింతుమనువారిని నమ్మరాదు. బాకీ తీర్చి, ఇకముందు వాయిదా తప్పకుండుటయే పరపతి నిలుపుకొను మార్గము.