కత్తిపీట ఎంపిక: ఉక్కు, పదును, ఆరోగ్యం

ఆహారమే ప్రథమ ఔషధమని విశ్వసించే మన కుటుంబాలలో ఏ కూర పథ్యమో, ఏది అపథ్యమో విచారించే అలవాటు ఉంది. ఆ కూరను తరిగే సాధనాన్ని గురించి విచారించే అలవాటు మాత్రం తక్కువ. అంగళ్లలో స్టీలు చాకులు కుప్పలుగా దొరుకుతున్నా, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో చాలా ఇళ్లలో నిలువు అలుగు కత్తిపీట ఇంకా నిత్యోపయోగంలోనే ఉంది. కొందరు దీనినే ఈలపీట అంటారు. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి కనుక అక్కడ కన్నడిగుల ‘ఈళిగె మణె’, తమిళుల ‘అరువామణై’ అన్న పేర్లు కూడా చెవిన పడతాయి. చెక్క పీటలో కదలకుండా దిగగొట్టిన ఉక్కు అలుగు, దాని ముందు కూర్చొని రెండు చేతులతో కూరగాయను అలుగుకు ఒత్తి కోసే పద్ధతి మూడు చోట్లా ఒకటే.

ఇనుప కత్తిపీటతో తరిగిన కూర తింటే రక్తం వృద్ధి అవుతుందని ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. దీనిని ముందుగా పరిశీలించడం అవసరం. ఎందుకంటే రక్తహీనతతో బాధపడే గర్భిణికి, ఎదిగే ఆడపిల్లకు కత్తిపీట మార్చి ఊరుకునే కుటుంబం అసలు చికిత్సను వాయిదా వేస్తుంది. చరకసంహితలోని రసాయన ప్రకరణంలో త్రిఫల కల్కాన్ని కొత్త ఇనుప పాత్రకు పూసి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, తేనె కలిపిన నీటితో సేవించే విధానం ఉంది. ఇనుమూ ఉసిరిక, కరక్కాయ, తానికాయల వగరూ కలిసి పనిచేయడానికి అక్కడ అహోరాత్రం వ్యవధి ఇచ్చారు. అలుగుకు బెండకాయ తగిలేది రెప్పపాటు కాలం. ఆ స్పర్శతో కూరలోకి చేరే ఇనుము లెక్కకు రానిది. ఇనుప మూకుడులో చింతపండు పులుసు మరిగిస్తే మాత్రం కొంత ఇనుము ఆహారంలోకి దిగుతుంది. పులుపు, వేడి, సమయం మూడూ కలిసి రావడమే అందుకు కారణం. రక్తహీనత ఉన్నవారు రక్తపరీక్ష చేయించుకొని వైద్యుని సలహాపై మందు వాడాలి. కత్తిపీటను ఎంచుకోవలసింది దాని పదును కోసం, మన్నిక కోసం.

సుశ్రుతుడు చెప్పిన శస్త్ర లక్షణాలు

ఇనుప సాధనాన్ని ఎలా పరీక్షించాలో మన శాస్త్రాలలో సవిస్తరంగా చెప్పినవాడు సుశ్రుతుడు. సుశ్రుతసంహిత సూత్రస్థానం ఎనిమిదవ అధ్యాయంలో ఇరవై శస్త్రాలను పేర్కొని, మంచి శస్త్రానికి పట్టు బాగుండాలని, లోహం మేలైనదై ఉండాలని, అంచు చక్కగా ఉండి పళ్లు లేకుండా ఉండాలని చెప్పాడు. వంకర పోవడం, మొద్దుబారడం, విరగడం, అంచు గరుకుగా ఉండడం, అతిగా లావు, అతిగా సన్నం, అతిగా పొడవు, అతిగా పొట్టి కావడం అనే ఎనిమిదీ దోషాలు. గరుకు అంచు ఎముకను కోసే రంపానికి మాత్రమే తగినదని మినహాయింపు ఇచ్చాడు. అంచు మందం కూడా పనిని బట్టి మారుతుంది. చీల్చే శస్త్రానికి మసూర పప్పు అంత, గీకే శస్త్రానికి అందులో సగం, పొడిచే శస్త్రానికి వెంట్రుక అంత, కోసే శస్త్రానికి అర వెంట్రుక అంత మందం ఉండాలి.

ఈ కొలతలు వైద్యుని శస్త్రాలకు ఉద్దేశించినవే అయినా వాటి వెనుక ఉన్న తర్కం వంటింటికీ వర్తిస్తుంది. గుమ్మడికాయ, కంద, టెంక ముదిరిన ఆవకాయ మామిడి కోయడానికి వెన్ను మందంగా ఉన్న బరువైన అలుగు కావాలి. గోరుచిక్కుడు, తోటకూర, ఉల్లి తరగడానికి పలుచని అలుగు కావాలి. ఒకే కత్తిపీటతో రెండు పనులూ చేయబోతే పలుచని అంచు పళ్లు పడుతుంది, మందమైనది కూరను నలుపుతుంది. పెద్ద కుటుంబమైతే రెండు ఉంచుకోవడమే మేలు.

సుశ్రుతుడు చెప్పిన మరొక విషయం ‘పాయన’. అంటే కాల్చిన ఇనుమును ద్రవంలో ముంచి గట్టిపరచడం. క్షారంలో ముంచినవి బాణపు ముల్కులను, ఎముకలను ఛేదించడానికి, నీటిలో ముంచినవి మాంసాన్ని కోయడానికి, నూనెలో ముంచినవి సిరలను పొడవడానికి, స్నాయువులను ఛేదించడానికి తగినవని విభజించాడు. నూనెలో ఇనుము నీటిలో కంటే నెమ్మదిగా చల్లారుతుంది కనుక పగుళ్లు పుట్టే అవకాశం తక్కువ. నేటి కమ్మరులు కూడా పనిని బట్టి నీటినో నూనెనో వాడుతారు. ఉక్కు విద్యలో తెలుగునేల ప్రసిద్ధి కొత్తది కాదు; నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు ఒకనాడు పర్షియా వర్తకుల దాకా వెళ్లింది.

కొనేటప్పుడు

ఇనుములో కర్బనం 0.25 శాతానికి లోపు ఉంటే అది మెత్తని ఇనుము. ఎంత కాల్చి ముంచినా కత్తికి కావలసినంత గట్టిపడదు, పదును నిలవదు. అలుగుకు అర శాతానికి తగ్గకుండా కర్బనం కావాలి. కమ్మరులు పాత లారీల కమాను పట్టీలను ఎంచుకోవడం ఇందుకే. వాటిలో సుమారు 0.5 నుంచి 0.6 శాతం కర్బనం ఉంటుంది. తుప్పుపట్టని స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం కలుస్తుంది. అయస్కాంతంతో ఈ రెంటినీ వేరుచేయవచ్చునని కొందరు చెబుతారు గాని, చాకులకు వాడే స్టీలు కూడా చాలావరకు అయస్కాంతానికి అంటుకుంటుంది. కనుక ఆ పరీక్ష పనికిరాదు.

వారపు సంతలో గాని, కమ్మరి కొలిమి దగ్గర గాని కొనేటప్పుడు అలుగును కంటికి ఎదురుగా పట్టి వెన్ను వెంబడి చూడండి. ఒంపు సహజం; పక్కకు మెలిక ఉండరాదు. ఆకురాయిని అంచు పక్కన తేలికగా రాయమని అడగండి. మెత్తని ఇనుమైతే ఆకురాయి సులువుగా కొరుకుతుంది, గట్టిపడిన ఉక్కు మీద జారుతుంది. కమ్మరి ఈ పరీక్షకు వెనుకాడితే మరొక అంగడి చూసుకోవడం మంచిది. తరువాత పీటను పరిశీలించాలి. అలుగు పీటలోనికి ఆరపార దిగి అడుగున మడిచి ఉన్నదా, కదిపితే ఊగుతున్నదా చూడాలి. ఊగే అలుగు ఎంత మంచి ఉక్కుదైనా ప్రమాదకరమే. పీట కూర్చునేవారి పాదం ఆనేంత పొడవు, వెడల్పు ఉండాలి. చింత, తుమ్మ వంటి గట్టి కర్ర మన్నుతుంది. మాంసపు అంగళ్లలో చింతమొద్దు వాడడం మీరు గమనించే ఉంటారు.

పదునును పరీక్షించడానికి మదనపల్లె వాసులకు ఇంతకంటే సులువైన వస్తువు మరొకటి లేదు: పండిన టమాటా. తోలును అలుగుకు ఆనించి ఒత్తకుండా తేలికగా జరిపితే తోలు విడిపోవాలి. కాయ లొత్తపడి రసం చిందితే అంచు మొద్దుగా ఉన్నట్టే. మొద్దు అలుగు మీద చేతి బలం ఎక్కువ పెట్టవలసి వస్తుంది, కాయ జారినప్పుడు ఆ బలమంతా వేలి మీద పడుతుంది. పదునైన కత్తి కంటే మొద్దు కత్తే ఎక్కువగా గాయపరచడానికి కారణం ఇదే.

నలుపు, తుప్పు

అదే టమాటా కర్బన ఉక్కుకు శత్రువు కూడా. పుంగనూరు చింతపండు, పచ్చిమామిడి, నిమ్మ, ఉసిరిక కూడా అంతే. పులుపు ఇనుమును కరిగిస్తుంది. అరటికాయ, ఉసిరిక వంటి వాటి వగరు ఇనుముతో కలిసి నల్లని రంగునిస్తుంది. పూర్వం కరక్కాయ, అన్నభేది కలిపి రాతసిరా తయారు చేసింది ఈ గుణంతోనే. కనుక ముక్క నల్లబడితే విషం చేరిందని భయపడనక్కరలేదు. రంగు, రుచి మాత్రం కొంత మారుతాయి. ఔషధానికి ఉసిరిక రసం తీసేటప్పుడు, నిమ్మ కోసేటప్పుడు స్టీలు చాకు వాడండి. అరటికాయ, అరటిపువ్వు ముక్కలను వెంటనే మజ్జిగ నీటిలో వేయండి.

కొద్దివారాల వాడకంలో అలుగు మీద నీలి నలుపు పొర ఏర్పడుతుంది. అది తుప్పు కాదు, తుప్పును కొంతవరకు అడ్డుకునే పొర. దానిని తళతళలాడేలా తోమివేయడం అనవసరం. ఎర్రని పొడిలా రాలేది తుప్పు. దానిని మాత్రం చింతపండుతోనో మెత్తని ఇసుకతోనో రుద్ది తీసివేయాలి. పని ముగిసిన వెంటనే అలుగును కడిగి, పొడిగుడ్డతో తుడిచి, రెండు చుక్కల నువ్వులనూనె లేదా కొబ్బరినూనె పూయాలి.

సాన విషయంలో సుశ్రుతుడు మినుము రంగు గల నున్నని రాతిని చెప్పాడు. వీధిలో తిరిగే సానచక్రం వేగంగా అరగదీస్తుంది గాని, అంచు వేడెక్కి నీలంగా మారితే అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్టే. ఆ భాగంలో పదును ఎన్నాళ్లో నిలవదు. నీళ్లు చల్లుతూ పట్టమనండి, లేదా నెలకొకసారి ఇంట్లోనే తడి సానరాతి మీద నెమ్మదిగా పట్టుకోండి.

కూర్చునేవారు, కోసుకున్నవారు

శస్త్రపు అంచును బూరుగు చెక్క ఒరలో భద్రపరచమని సుశ్రుతుని ఆదేశం. కదలని అలుగు గల కత్తిపీటకు కూడా చెక్కతోనో మందపు తోలుతోనో ఒర చేయించి, అలుగును గోడవైపు తిప్పి ఉంచాలి. పాకే పిల్లలున్న ఇంట్లో అయితే దానిని నేల మీదే ఉంచకూడదు. మోకాళ్ల నొప్పులున్నవారు కిందికి కూర్చోవడం మాని బల్ల మీద పలక వేసి చాకుతో తరగడమే మేలు. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు పీటను కాలితో తొక్కి పట్టి కోయరాదు. అలుగు తగిలినా వారికి తెలియదు, చిన్న గాయం పుండుగా మారవచ్చు.

వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా ఒత్తిపట్టి, చేతిని గుండె కంటే పైకి ఎత్తి ఉంచండి. రక్తం ఆగిన తరువాత సబ్బుతో, ధారగా పడే నీటితో కడగండి. పైపై గీతకు శుభ్రమైన పసుపు అద్దడం మన అలవాటు. లోతైన గాయంలో పసుపుగాని, కాఫీపొడిగాని, సున్నంగాని కూరరాదు. పది, పదిహేను నిమిషాలు ఒత్తినా రక్తం ఆగకపోయినా, వేలు వంచలేకపోయినా, వేలి కొన తిమ్మిరిగా ఉన్నా స్నాయువో నాడియో తెగి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తుప్పు వల్లనే ధనుర్వాతం వస్తుందన్నది సరికాదు. ఆ వ్యాధి బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. తళతళలాడే స్టీలు చాకుతో తెగిన గాయానికి కూడా మట్టి తగిలితే ప్రమాదమే. శుభ్రమైన చిన్న గాయమైతే టీకా వేయించుకొని 10 ఏళ్లు, మురికి పట్టిన లేదా లోతైన గాయమైతే 5 ఏళ్లు దాటి ఉంటే మరల వేయించుకోవాలి. చిన్ననాటి టీకాలు పూర్తికానివారు, ఎప్పుడు వేయించుకున్నదీ గుర్తులేనివారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.