గులాబీ ఓటు, తెల్ల ఓటు: తల్లాడ మండలంలో తరచూ అడిగే ప్రశ్నలు

పరిషత్ ఎన్నికల్లో రెండు బ్యాలెట్లు ఎందుకిస్తారు?

రెండూ వేర్వేరు సభలకు కాబట్టి. 2019 మేలో గులాబీ కాగితం ఎంపీటీసీకి, తెల్లకాగితం జెడ్పీటీసీకి ఇచ్చారు. గులాబీ ఓటుతో గెలిచినవారు తల్లాడ మండల పరిషత్‌లో కూర్చుంటారు. తెల్ల ఓటుతో మండలమంతా కలిసి ఖమ్మం జిల్లా పరిషత్‌కు ఒక్కరినే పంపుతుంది.

మండల పరిషత్ అధ్యక్షుణ్ని (ఎంపీపీని) మనమే ఎన్నుకోవచ్చుగా?

1987లో అలాగే ఎన్నుకున్నాం. 1994 చట్టం వచ్చాక ఆ పని ఎంపీటీసీల చేతికి పోయింది. 2018 తెలంగాణ చట్టమూ దాన్నే ఉంచింది. తమలో ఒకరిని వాళ్లే చేతులెత్తి ఎన్నుకుంటారు. పార్టీ విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. ఈ పరోక్ష ఎన్నిక ఓటరుకు నష్టమనే నా అభిప్రాయం. నేరుగా గెలిచిన అధ్యక్షుడైతే పార్టీల క్యాంపు రాజకీయాల వైపు కాదు, ఊళ్ల వైపు చూస్తాడు.

సర్పంచికి మండల పరిషత్‌లో ఓటుందా?

లేదు. సమావేశానికి రావచ్చు, మాట్లాడవచ్చు.

రిజర్వేషన్లు ఎలా?

సగం స్థానాలు మహిళలవి. కొత్తగూడెం రోడ్డు పట్టుకుని భద్రాచలం వైపు పోతే గిరిజన ఏజెన్సీ ప్రాంతం వస్తుంది. అక్కడ 1996 పెసా చట్టం ప్రకారం ఎంపీపీ పదవి గిరిజనులకే.

పరిషత్ చేతిలో అసలేముంది?

అమెరికాలో చాలాచోట్ల కౌంటీ బోర్డు ఆస్తిపన్ను రేటు తానే నిర్ణయిస్తుంది. మన పరిషత్‌కు ఆ బలం లేదు. ఇంటిపన్ను గ్రామ పంచాయతీది, పరిషత్ నడిచేది ఎక్కువగా గ్రాంట్ల మీద. దాని బలమంతా సర్వసభ్య సమావేశంలో ఉంది. సాధారణంగా మూణ్నెల్లకోసారి జరుగుతుంది. వ్యవసాయం, కరెంటు, బడి, ఆసుపత్రి, ఏ శాఖ అధికారైనా లేచి, గెలిచినవాళ్లు అడిగినదానికి జవాబు చెప్పాలి. ఎరువులు ఎందుకు రాలేదు, బడికి టీచరు ఎప్పుడొస్తారు అని నిలదీసే చోటు అదే. జిల్లా పరిషత్‌లో ఈ పని చూడటానికి ఏడు స్థాయీ సంఘాలున్నాయి.

అడిగేవాళ్లే లేకపోతే?

2019 జూలైలో కొలువుదీరిన పాలకవర్గాల గడువు 2024 జూలైలో తీరింది. కొత్తవాళ్లు రాకముందే పాలన ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లింది. రాజ్యాంగం 243ఇ అధికరణం ప్రకారం గడువు ఐదేళ్లే, అది తీరేలోపే ఎన్నిక పూర్తి కావాలి. లెక్క చెప్పాల్సిన అధికారే లెక్క అడిగే కుర్చీలోనూ కూర్చోవడం తప్పు.

నేనేం చేయగలను?

మండల పరిషత్ (ఎంపీడీవో) కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు ఇవ్వండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. పరిషత్ సమావేశాల మినిట్స్ నకలు అడగండి. మీ ఊరి పేరు అందులో ఎన్నిసార్లు వచ్చిందో మీరే చూసుకోండి.