చల్లటి ఎండను నమ్మకండి, నవ్వును ఆపకండి

బేరిగై చుట్టుపక్కల తెల్లవారుతూనే గులాబీ తోటల్లో దిగేవాళ్లలో చాలామంది చలికి చెవులు కప్పుకుంటారు కానీ ఎండకు ముఖం కప్పుకోరు. మన సీమ చల్లన, ఎండ ఏం చేస్తుందిలే అన్న ధీమా! ఆ ధీమాను ఈరోజే వదిలేయండి. మన హోసూరు ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగే ప్రతి 1000 మీటర్లకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత 10 నుంచి 12 శాతం పెరుగుతుంది. గాలి చల్లగా ఉన్నా, మబ్బు పట్టినా అవి చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను దెబ్బతీస్తూనే ఉంటాయి.

ఆ దెబ్బ నోటి చుట్టూ ముడతలుగా తేలిగ్గా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ చర్మం పలుచన. మాటకూ నమలడానికీ రోజంతా కదులుతుంది. ఆడవాళ్లకైతే ముట్లు ఆగిన మొదటి ఐదేళ్లలోనే చర్మంలోని కొల్లాజెన్ 30 శాతం దాకా తగ్గవచ్చు. వయసును ఆపలేం, అలవాట్లను మార్చుకోగలం.

ఎండను అడ్డుకోండి: వెడల్పు అంచు టోపీ పెట్టుకోండి. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ పెదాల చుట్టూ కూడా రాయండి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో నాలుగున్నరేళ్లు జరిగిన పరిశోధన ఫలితం 2013లో వెలువడింది. రోజూ సన్‌స్క్రీన్ రాసినవాళ్లలో చర్మం ముదరడం, తోచినప్పుడు మాత్రమే రాసినవాళ్ల కంటే 24 శాతం తక్కువ.

పొగాకు మానండి: బీడీ, సిగరెట్ల పొగ చర్మానికి రక్తం సరిగా అందనివ్వదు. దమ్ము లాగినప్పుడల్లా పెదాల చుట్టూ అవే మడతలు పడతాయి. ఆకువక్కతో నమిలే పొగాకు నోటి క్యాన్సర్‌కు దారి.

పళ్లు కాపాడుకోండి: ముందు పళ్లు పోతే పెదవికి ఆసరా పోయి మూతి లోపలికి ముడుచుకుంటుంది. ఊడిన పన్ను చోట కొత్తది కట్టించుకోండి.

ఇప్పటికే ముడతలు పడ్డాయా? చర్మ వైద్యులు రాసిచ్చే ట్రెటినాయిన్ క్రీము రాత్రిపూట రాస్తే నెలల్లో సన్నటి గీతలు తగ్గుతాయి. గర్భిణులు వాడకూడదు. లోతైన ముడతలకు లేజర్, చర్మం కింద నింపే ఫిల్లర్లు ఉన్నాయి. చామనఛాయవాళ్లకు లేజర్‌తో మచ్చలు పడే అవకాశముంది కాబట్టి అనుభవమున్న వైద్యులనే ఎంచుకోండి. స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీములు మాత్రం ముట్టకండి, అవి చర్మాన్ని ఇంకా పలుచన చేస్తాయి.

గీతలు పడతాయని నవ్వు దాచుకోకండి. నవ్వే ముఖమే నలుగురినీ దగ్గర చేస్తుంది. అక్కల్లారా, ఇంట్లో అందరి పనీ అయ్యాక మిగిలితే కాదు, పొద్దున్నే ముందుగా ఓ రెండు నిమిషాలు మీ ముఖానికి ఇచ్చుకోండి. అది మీ హక్కు.