ఆటో స్టార్టర్ తెలివి చాలదు

కంప్యూటర్ సిస్టమ్స్ తమ బాగోగులు తామే చూసుకోవాలి అనే ఆలోచనకు అటానమిక్ కంప్యూటింగ్ అని పేరు. 2001లో ఐబీఎం పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న పాల్ హార్న్ దీన్ని ముందుకు తెచ్చాడు. సిస్టమ్స్ ఎంత పెద్దవైపోతున్నాయంటే, వాటిని కనిపెట్టుకుని ఉండడానికి మనుషులు చాలరు అన్నది ఆయన బెంగ. పేరు మన ఒంట్లోంచి తీసుకున్నదే. గుండెను కొట్టుకోమని మనమేం చెప్పం గదా!

2003లో జెఫ్రీ కెఫార్ట్, డేవిడ్ చెస్ రాసిన వ్యాసం దీనికి ఒక రూపం ఇచ్చింది. సిస్టమ్‌లో ప్రతి భాగానికీ ఒక సాఫ్ట్‌వేర్ ఏజెంట్ ఉంటుంది. అది పరిస్థితి గమనిస్తుంది, విశ్లేషిస్తుంది, ప్లాన్ వేస్తుంది, చేస్తుంది, మళ్లీ మొదటికి వస్తుంది. ఈ నాలుగు పనులకూ మధ్యలో నాలెడ్జ్ ఉంటుంది. ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి దీన్ని మేప్-కే అంటారు. ఆ చివరి ‘కే’ని మనం ఒక్క లైన్లో రాసి వదిలేస్తాం. నా లెక్కన అసలు కథంతా అక్కడే ఉంది. మన కడప, కర్నూలు పొలాల్లోకి పోయి చూస్తే తెలుస్తుంది.

బోరు మోటర్లకు పెట్టే ఆటో స్టార్టర్ చూసే ఉంటారు. వ్యవసాయానికి త్రీ ఫేజు కరెంటు రోజంతా రాదు, కొన్ని గంటలే. అది అర్ధరాత్రి వచ్చినా మా చిన్నాయన నిద్ర లేచి పోనక్కర్లేదు, మోటరు దానంతటదే ఆన్ అవుతుంది. గమనించడం, నిర్ణయించడం, చేయడం అన్నీ ఉన్నాయి. చిన్న ఏజెంటే అనుకోండి. మరి చిక్కెక్కడ?

ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇరవై మోటర్లు ఉంటే, కరెంటు వచ్చిన క్షణంలో ఇరవై స్టార్టర్లూ ఒకేసారి ఆన్ చేస్తాయి. నేరుగా స్టార్ట్ చేసే మోటరు తిరగడం మొదలుపెట్టేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. వోల్టేజీ పడిపోతుంది, ఫీజులు పోతాయి, ఖర్మ కాలితే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. అది మార్చేదాకా పైరుకు తడి లేదు. ప్రతి స్టార్టరూ తన పని తాను సరిగ్గానే చేసింది. పక్క మోటరు సంగతి దానికి తెలియదు, అంతే.

కంప్యూటర్లలో దీన్ని థండరింగ్ హెర్డ్ అంటారు. పడిపోయిన సర్వర్ లేవగానే క్లయింట్లన్నీ ఒకేసారి దాని మీద పడతాయి, పాపం అది మళ్లీ పడిపోతుంది. మందు చాలా సింపుల్: ఒక్కొక్కరు ఎంతో కొంత, ఎవరికి వాళ్లు లాటరీ వేసుకున్నట్టు, ఆగి ప్రయత్నించాలి. పాత ఈథర్‌నెట్‌లో ఢీకొన్న ప్యాకెట్లను మళ్లీ పంపింది ఇలాగే. స్టార్టర్‌లో టైమర్ ఉన్నా, అందరూ పది సెకన్లే పెట్టుకుంటే లాభం లేదు. పైథాన్‌లో ఇరవై మోటర్ల సిమ్యులేషన్ రాసి చూడండి, గంట పని. రాండమ్ డిలే పెట్టగానే గ్రాఫ్ ఎలా చదునవుతుందో కనిపిస్తుంది.

కానీ ఈ మందు ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడుతుందే గానీ భూమిలో నీళ్లను కాదు. దానికి రెండో ఉదాహరణ. 2003లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే భూగర్భజలాన్ని చూసుకునే ఒక ప్రాజెక్టు ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో మొదలైంది. కడప, కర్నూలు అందులో ఉన్నాయి. నంద్యాలకు చెందిన బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ దాన్ని ముందుండి నడిపింది. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచి రాసుకున్నారు. రబీకి ముందు కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లెన్ని, అందరూ వేద్దామనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని లెక్క కట్టారు. ఫలానా పంట వెయ్యొద్దని ఎవరూ ఆర్డర్ వెయ్యలేదు. ఆ లెక్క చూశాక ఎవరి నిర్ణయం వారిదే. నీటి వాడకం తగ్గింది త్యాగం వల్ల కాదు, వేలమంది రైతులు ఎవరి రిస్కు వాళ్లు చూసుకోవడం వల్ల అని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక చెప్పింది. నాకైతే ఇది కంప్యూటర్ సైన్స్ పేపర్ లాగే కనిపిస్తుంది. ఏజెంట్లు అవే, లక్ష్యాలు అవే, మారింది ‘కే’ ఒక్కటే.

ఐబీఎం వాళ్లు 2004లో పేపర్‌గా తెచ్చిన యూనిటీ కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. అందులో ప్రతి అప్లికేషన్‌కూ ఒక ఏజెంట్ ఉంటుంది. ఇన్ని సర్వర్లిస్తే నాకు ఇంత లాభం అని అది లెక్కకట్టి చెప్తుంది. ఆర్బిటర్ అనే ఇంకో ఏజెంట్ అందరి లెక్కలూ చూసి, మొత్తం లాభం ఎక్కువయ్యేలా సర్వర్లు పంచుతుంది. అప్లికేషన్ లోపల ఏం జరుగుతుందో ఆర్బిటర్‌కు తెలియాల్సిన పని లేదు. ఇక్కడ పంచేవాడు ఒకడున్నాడు. మన బోర్ల దగ్గర ఎవరూ లేరు, గోడ మీద రాసిన నీటి లెక్క తప్ప.

యూనిటీ ఏజెంట్లన్నీ ఒకే యజమానివి కాబట్టి అబద్ధమాడే అవసరం వాటికి లేదు. వేర్వేరు కంపెనీల ఏజెంట్లు ఒకే సర్వర్లను పంచుకుంటే? ఎక్కువ కావాలన్న వాడికి ఎక్కువ దక్కితే అందరూ ఎక్కువే అడుగుతారు. దీనికి ఒక దారి విలియం విక్రీ 1961లోనే రాశాడు. వేలంలో సీల్డ్ కవర్లో అందరికన్నా ఎక్కువ రాసినవాడే గెలుస్తాడు, కానీ కట్టాల్సింది రెండో వాడు రాసిన ధర. అప్పుడు ఎక్కువ రాసినా, తక్కువ రాసినా తనకేం కలిసిరాదు కాబట్టి, వస్తువు తనకెంత విలువో అంతే రాస్తాడు.