బంతి మనది, నేల ఎవరిది?

విద్యార్థి సంఘం కార్యదర్శిగారు "సైన్సు వాడివి గదా, సంచికకి ఏదైనా సైన్సు వ్యాసం వ్రాసి ఇయ్యి" అన్నారు. రసాయన శాస్త్రం మీద వ్రాస్తే మా క్లాసువాళ్ళే చదవరు. అంచేత నాకు ఇష్టమైన ఫుట్‌బాల్ గురించి వ్రాస్తున్నాను. లెక్చరర్లు మన్నించాలి.

మా ఊళ్ళో వరికోతలు అయితేగాని ఆట లేదు. కోసిన మడిలో దుబ్బులు అరికాళ్ళకు గుచ్చుకునేవి, అయినా ఆడేవాళ్ళం. మినుములు, పెసలు చల్లిన మళ్ళలో అడుగు పెట్టకూడదు. చల్లని మడి వెతుక్కుని దిగేసరికి భూమిగల ఆసామి గట్టు మీద నిలబడి "ఓరి గుంటల్లారా, గట్లన్నీ తొక్కేస్తన్నారు, లెగండ్రా!" అని కేకేసేవాడు. మా అయ్య ఆయన భూమే కొంత కౌలుకి చేస్తున్నాడు గనక అందరికంటే ముందు నేను లేచిపోవలసి వచ్చేది. అలాటివాడికి ఇంగ్లండులోని ఎవర్టన్ క్లబ్బు కథ దొరికితే ఎంత ఆసక్తి కలుగుతుందో మీరే ఊహించండి.

లివర్‌పూల్ పట్టణంలో సెయింట్ డొమింగో అనే చర్చికి చెందిన కుర్రాళ్ళు 1878లో ఒక జట్టు పెట్టుకున్నారు. మరుసటి సంవత్సరం దానికి ఎవర్టన్ అని పేరు మార్చారు. 1884లో ఆన్‌ఫీల్డ్ అనే మైదానంలో చేరారు. ఆ నేల కొద్దికాలానికే జాన్ హౌల్డింగ్ అనే సారా వ్యాపారి చేతికి వచ్చింది. ఆయన క్లబ్బులోనూ పెద్దమనిషే, భూమికీ ఆసామే. ఆటగాళ్ళు బట్టలు మార్చుకోవడానికి కూడా ఆయన హోటలుకే వెళ్ళేవారు. జట్టు బాగా ఆడి జనం పెరిగిన కొద్దీ కౌలూ పెరిగింది. సంవత్సరానికి 100 పౌండ్లు ఉండేది 250 పౌండ్లయింది. పంట బాగా పండిన ఏడు కౌలు పెంచడం ఒక్క మన పక్కనే అనుకునేవాణ్ణి!

1891లో ఎవర్టన్ లీగు ఛాంపియన్ అయింది. 1892లో క్లబ్బు సభ్యులు తిరగబడ్డారు. చర్చిలో ఆర్గన్ వాయించే జార్జి మహోన్ వాళ్ళకు ముందు నిలబడ్డాడు. అందరూ ఆన్‌ఫీల్డ్ వదిలేసి, పార్కుకి అవతలి వైపున్న గూడిసన్ పార్కుకి వెళ్ళిపోయారు. మూడేళ్ళు తిరిగేసరికి, అంటే 1895లో, ఆ నేలను సొంతానికి కొనేశారు కూడా. ఇక హౌల్డింగ్ చేతిలో మైదానం మిగిలింది, ఆడేవాడు లేడు. ఏం చేశాడంటే, కొత్త జట్టు పుట్టించాడు. అదే ఈనాడు లోకమంతా ఎరిగిన లివర్‌పూల్ క్లబ్బు. ఒక కౌలు తగాదాలోంచి రెండు మహా జట్లు పుట్టాయన్న మాట. ఎవర్టన్ పురుషుల జట్టు 2025 మే వరకు, 133 ఏళ్ళు, గూడిసన్‌లోనే ఆడి తర్వాత రేవు పక్కన కట్టిన కొత్త స్టేడియంకి మారింది. పాత మైదానాన్ని పడగొట్టలేదు. అందులో ఇప్పుడు ఆ క్లబ్బు ఆడపిల్లల జట్టు ఆడుతోంది.

ఇది మా అయ్యకు చెప్తే చాలాసేపు నవ్వాడు. తర్వాత, "మరి మనోళ్ళకి జట్టు లేదేటిరా?" అని అడిగాడు. ఉంది. ఉండేది. ఈ వ్యాసానికి అసలు కారణం ఆ ప్రశ్నే.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పేరు మనలో ఎంతమంది విన్నారు? బొంబాయిలో అప్పట్లో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది ఆ జట్టు. ఢిల్లీలో డ్యూరండ్ కప్పూ గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులకు ముచ్చెమటలు పట్టించింది. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు. ఈయన పద్ధతులు చదివితే మంచి లెక్కల మాస్టారు గుర్తుకొస్తారు. బంతిని కాళ్ళతో తిప్పుకుంటూ పోకూడదు, వెంటనే ఇంకొకరికి అందించాలి అనే నియమంతో ప్రత్యేకంగా పోటీలు పెట్టేవాడు. బలమైన కాలు వాడకూడదు, బలహీనమైన కాలితోనే ఆడాలి అని ఇంకో పోటీ. మేము దుబ్బుల్లో ఈ రెండోది ఒక సాయంత్రం ఆడి చూశాం. అరగంటలో ఒక్క గోలూ పడలేదు గాని, నవ్వలేక చచ్చాం.

ఆ రహీం గారే భారత జట్టుకూ శిక్షకుడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ బంగారం. అప్పటికే క్యాన్సరుతో ఉన్నాడు. 1963 జూన్‌లో పోయాడు. రాష్ట్రాలు కలిశాక ఆ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది, అంటే శ్రీకాకుళం వాళ్ళకూ వాటా ఉన్నట్టే. 1965-66లో మన రాష్ట్రం సంతోష్ ట్రోఫీ గెలిచింది. తర్వాత మళ్ళీ రాలేదు.

ఎందుకు రాలేదు? రహీం లేకపోవడం ఒకటి. కలకత్తా క్లబ్బులు మంచి ఆటగాళ్ళను పట్టుకుపోవడం ఒకటి. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళిపోయాడు. అయితే నాకు తోచేది ఇంకొకటుంది. ఆ జట్టు పోలీసు శాఖది. ఆటగాళ్ళు శాఖ ఉద్యోగులు. ఎవర్టన్ సభ్యులు కూర్చుని "ఇక్కడ వద్దు, అక్కడికి పోదాం" అని తీర్మానించుకున్నట్టు తీర్మానించడానికి ఈ జట్టుకు ఊరి సభ్యులంటూ ఎవరున్నారు? అభిమానులు వేలమంది, హక్కుదారులు సున్న.

మైదానం కథా అంతే. 1687లో గోల్కొండ ముట్టడి వేళ మొగలు సైన్యం విడిది చేసి, గెలిచాక ఫతే మైదాన్ అని పేరు పెట్టిన చోటు అది. ఫతే అంటే విజయం. నిజాముల కాలంలో అక్కడ పోలో ఆడారు. 1955లో న్యూజిలాండుతో టెస్టు క్రికెట్ వచ్చింది, ఉమ్రీగర్ 223 పరుగులు కొట్టాడు. 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది. గుర్రాలకూ, బ్యాట్లకూ, సభలకూ అన్నిటికీ చోటిచ్చిన నేల; ఫుట్‌బాల్ వాళ్ళు మాది అని చెప్పుకోగలిగిన నేల మాత్రం అవలేదు.

ఇటీవలి సంగతి చూడండి. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అని కంపెనీవారి క్లబ్బు ఒకటి వచ్చింది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో ఆడేది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కూడా గెలిచింది. 2025లో యజమానులు దాన్ని ఢిల్లీకి తీసుకుపోయి పేరు మార్చేశారు. జాతరలో కొన్న గేదెను తోలుకుపోయినట్టు! అదే గచ్చిబౌలిలో 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగితే ఆడినవి బెంగాల్, కేరళ.

శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియం ఉంది. వీరఘట్టం వస్తాదు పేరు పెట్టడం మనకు గర్వమే. తెల్లవారుజామున అక్కడికి వెళితే కుర్రాళ్ళు పరుగెడుతూ కనిపిస్తారు. మా పెదనాన్న కొడుకూ వాళ్ళలో ఒకడు. కానిస్టేబుల్ సెలక్షనుకి 1600 మీటర్లు, దానికోసం పరుగు. బంతి తేవద్దంటాడు, కాలు బెణికితే ఉద్యోగం పోతుందని. వాడి మాటా తప్పనలేను.

ఈ సంక్రాంతికి మా ఊరి జట్టుకూ పక్క ఊరి జట్టుకూ మాచ్ పెట్టుకున్నాం. ఆసామిగారు ఈసారి అన్ని మళ్ళలోనూ మినుములు చల్లించారు. చెరువు గర్భం ఎండితే అక్కడే ఆడతాం.

— బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి