కాదంబరిలో చంద్రాపీడుని శోకశిక్ష

క్రీ.శ. 7వ శతాబ్దమున హర్షుని ఆస్థానమున వెలసిన బాణభట్టు కాదంబరియందు చంద్రాపీడుని విద్యాభ్యాసము రెండు తావుల జరిగినది. మొదటిది ఉజ్జయిని వెలుపల సిప్రానది చెంత తారాపీడుడు కట్టించిన విద్యామందిరము. 6వ ఏట ప్రవేశించిన బాలుడు 10 ఏండ్లు సకలకళలు నేర్చి 16వ ఏట వెలువడెను. పిమ్మట శుకనాసుడు యౌవనమదమును, లక్ష్మీమదమును గూర్చి హెచ్చరించెను. రెండవది అచ్ఛోదసరస్తీరము. అచ్చటి పాఠము శోకము. శుకనాసోపదేశమును తరచుగా విడిగా పాఠ్యభాగముగ చెప్పుటచే ఈ రెండవ పాఠము విద్యార్థులకు అందుట లేదు. ఉపదేశమే కథాఫలమను భ్రాంతియు కలుగుచున్నది.

కిన్నరమిథునమును వెన్నాడుచు సరస్సును చేరిన చంద్రాపీడునకు మహాశ్వేత పుండరీకుని మరణవృత్తాంతమును చెప్పినది. ఆమెను ఓదార్చుచు ఆతడు అనుమరణము నిష్ఫలమని వాదించెను. రతి, పృథ, ఉత్తర, దుశ్శల భర్తలు గతించినను ప్రాణములు నిలుపుకొనిరని నిదర్శనములు చూపెను. వాదము నిర్దుష్టమే. కాని ఆ నిదర్శనములన్నియు పురాణేతిహాసములనుండి వచ్చినవి. స్వానుభవమునుండి వచ్చినది ఒకటియు లేదు.

బాణుని రచన పత్రలేఖ మాటలతో నిలిచిపోగా, తనయుడు పూరించిన ఉత్తరభాగమున ఆ వాదమునకు పరీక్ష వచ్చినది. చిన్ననాటి చెలికాడు వైశంపాయనుని మరణవార్తను మహాశ్వేత నోట వినినంతనే చంద్రాపీడుని హృదయము పగిలెను. పరులకు చెప్పిన ధైర్యము తనకు అక్కరకు రాలేదు.

ఇది శాపఫలము గదా, ఇందు పాత్రపరిణతి యెక్కడిదని ఆక్షేపింపవచ్చును. శాపస్వరూపమును పరిశీలింపుడు. విరహార్తుడైన పుండరీకుని కిరణములచే తపింపజేసిన చంద్రుడు, తానును భూమిపై జన్మించి, ప్రేమించి, సమాగమసుఖము పొందకయే మరణింపవలెనని ఆ శాపము. ఆకాశమునుండి చూచినవాడు మనుష్యుడై అనుభవింపవలెను. కనుక ఇచట శాపమే గురుస్థానమున నున్నది.

చంద్రాపీడుడు చెప్పిన పాఠమును ఆచరణమున నిలిపినది కాదంబరి. మరణింప నిశ్చయించియు, దివ్యవాణిని విశ్వసించి, ఆతని శరీరమును కాపాడుచు నిరీక్షించెను. శాపాంతమున, వసంతవేళ, ఆమె కౌగిట ఆతడు మరల ప్రాణముతో లేచెను. అట్లు లేచినవాడు శోకమును గ్రంథమున చదివినవాడు కాడు, ఎరిగినవాడు.

శుకనాసోపదేశమును బోధించు అధ్యాపకమిత్రులు విద్యార్థులను ఒక్కనాడైనను అచ్ఛోదతీరమునకు తోడ్కొని పోవలెనని నా మనవి.