కొత్త సెక్రటరీకి పెద్దమ్మ ఉత్తరం



నిన్ను పాస్టరేట్ కమిటీ సెక్రటరీగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ సంతోషం తీరకముందే నీ ఉత్తరం అందింది. పాత పెంకుల మందిరం పడగొట్టి శ్లాబ్ వేయాలని ఒక వర్గం, ఇటుక ముట్టుకోనివ్వమని ఇంకో వర్గం, ఆరాధన అయ్యీ అవకముందే వాకిట్లో కేకలు, కొందరు ప్రభు భోజన సంస్కారానికి కూడా ముందుకు రాలేదని రాశావు. చివర్లో, ఎలాగైనా అందర్నీ ఒక్క మాట మీదికి తెస్తానన్నావు. నాకు భయం వేసింది ఆ మాటకేరా. మా కాలంలో సంఘాల్ని నిలువునా చీల్చినవాళ్లందరూ ఆ పట్టుదలతోనే బయల్దేరారు.

మన సీఎస్ఐ, అదే దక్షిణ ఇండియా సంఘం, ఎలా పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకో. 1919లో తరంగంబాడిలో అజరయ్య బిషప్‌గారూ మరికొందరు అయ్యగార్లూ కూర్చుని ఐక్యత మాట ఎత్తారు. సంఘాలు కలిసింది మాత్రం 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కథెడ్రల్లో. మధ్యలో 28 ఏళ్లు. పాపం అజరయ్యగారు ఆ రోజు చూడకుండానే 1945లో దోర్నకల్‌లో కన్నుమూశారు. అన్నేళ్లూ ఏం చేశారనుకున్నావు? వాదించుకున్నారు. బిషప్ చేతులుంచి అభిషేకించని గురువు సంస్కారం ఇస్తే ఎలా చెల్లుతుందని ఆంగ్లికన్లు. ఇన్నాళ్లూ సేవ చేసిన మా అయ్యగార్లకు మళ్లీ అభిషేకమేమిటని మెథడిస్టులూ, దక్షిణ భారత ఐక్య సంఘం వాళ్లూ. చివరికి, ఉన్న అయ్యగార్లందర్నీ ఉన్నట్టే తీసుకున్నారు. ఇకమీదట అభిషేకాలన్నీ బిషప్ చేతుల మీదుగానే అన్నారు. ఏ సంఘానికి మనస్సాక్షి ఒప్పని గురువును ఆ సంఘం మీద రుద్దబోమని మాట కూడా ఇచ్చుకున్నారు. అందరి అభిప్రాయమూ ఒకటైపోలేదు చూశావా! అయినా కలిసి బతకడానికి దారి దొరికింది.

అప్పుడు కూడా అందరూ రాలేదు. నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది దశాబ్దాలపాటు విడిగానే ఉన్నారు. లూథరన్లు, బాప్టిస్టులు ఇప్పటికీ వేరే. అంతమాత్రాన వాళ్లతో వియ్యమందడం మానామా? మీ పిన్ని అత్తగారిది ఏ సంఘమో నీకు తెలుసుగా.

ఇక శ్లాబ్ సంగతి. ఈ గొడవ శ్లాబ్ గురించేనంటే నేను నమ్మను. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మళ్లీ చదువు. గ్రీకు భాష మాట్లాడేవాళ్ల విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది. అపొస్తలులు సణిగినవాళ్లకు భక్తి పాఠం చెప్పలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే బాధపడ్డ వైపువాళ్ల చేతికే గరిటె ఇచ్చారన్నమాట. మీ కమిటీలో ఎన్ని టర్ములుగా ఒక్క పేటవాళ్లే ఉన్నారో పాత మినిట్స్ బుక్కు తీసి చూడు. ఏ పేట ఎవరిదో నేను రాయక్కర్లేదు. మందిరంలో ఆ మాట ఎవరూ పైకి అనరుగానీ ఓట్లు లెక్కపెట్టే పూట అందరికీ గుర్తుంటుంది. శ్లాబ్ వద్దంటున్న వాళ్ల తాతలు ఆ గోడలకు రాళ్లు మోశారు. ఇప్పుడు వాళ్లను అడక్కుండానే మేస్త్రీని పిలిచి కొలతలు తీయించారు. కోపం అక్కడ పుట్టింది. కట్టడం కమిటీ వేసేటప్పుడు సగంమందిని వాళ్లలోంచి తీసుకో, ట్రెజరర్ పదవి కూడా వాళ్లకే ఇవ్వు.

లెక్కల దగ్గర మొహమాటపడకు. కానుకలు ఇద్దరు లెక్కపెట్టాలి, ఆ ఇద్దరూ ఒక ఇంటివాళ్లు కాకూడదు, అక్కడికక్కడే సంతకాలు పెట్టాలి. సిమెంటు బస్తా రసీదు దగ్గర్నుంచి అన్నీ ఒక పుస్తకంలో అంటించి, నెలకోసారి ఆరాధనయ్యాక ఎవరైనా తిరగేసేలా బల్ల మీద ఉంచు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ విషయం మీద ఒక్క అక్షరం రాయకు. రాత్రి పదకొండింటికి వచ్చే వాక్యాలకు జవాబు అసలే వద్దు.

ఇంకోటి కనిపెట్టి చూడు. మనవాళ్లు నోటితో తిట్టరు, ప్రార్థనలో తిడతారు. బుధవారం కూటంలో ఒకరు లేచి, మా మధ్యనున్న గర్విష్ఠుల హృదయాలు విరగ్గొట్టు తండ్రీ అంటారు. అది ఎవరికి తగలాలో వాళ్లకు తగులుతుంది, ప్రార్థన కాబట్టి ఎదురు చెప్పడానికీ ఉండదు. వచ్చేవారం అవతలివాళ్లు అంతకంటే పొడుగు ప్రార్థన చేస్తారు. మీ అయ్యగారితో ఒంటరిగా ఉన్నప్పుడు, ఈ తగాదా తేలేదాకా మోషే మీద తిరగబడ్డ కోరహు సంగతి ప్రసంగానికి ఎత్తుకోవద్దని మెల్లిగా చెప్పు. శ్లాబ్ వద్దన్నందుకు ఎవర్నీ సంస్కారం నుంచి ఆపనివ్వకు.

ఐక్యత పేరు చెప్పి కప్పిపెట్టకూడనివి కూడా ఉన్నాయి. సంఘం డబ్బు ఎవరైనా తిన్నా, ఆడపిల్ల మీదో పసివాళ్ల మీదో చెయ్యి వేసినా అది అభిప్రాయభేదం కాదు, నేరం. అప్పుడు పోలీసు స్టేషనుకు వెళ్తే సంఘం పరువు పోతుందనే పెద్దల మాట వినకు. స్థలం కోసం, పదవి కోసం కోర్టుకెక్కడం వేరు. కొరింథువారిని పౌలు మందలించింది అలాంటి వ్యాజ్యాలకే. మందిరానికి తాళం పడి, క్రిస్మస్ ఆరాధన షామియానా కింద చేసుకున్న సంఘాలను నేను చూశాను.

వచ్చే కమిటీ మీటింగులోపు, శ్లాబ్ వద్దంటున్నవాళ్లలో పెద్దాయన ఇంటికి వెళ్లు. ఇంజనీరు వేసిన ప్లాను తీసుకెళ్లకు, నీ పక్షం కుర్రాళ్లనూ తీసుకెళ్లకు. సాయంత్రం వేళ అయితే అరుగు మీదే ఉంటారు. ఎడమ చెవి సరిగా వినపడదు, కుడి పక్కన కూర్చో. ఆయన చెప్పిందంతా ఇంటికొచ్చాక రాసి నాకు పంపు. నీ జవాబు కాదు, ఆయన మాటలే.

ఇట్లు,
మీ పెద్దమ్మ